రోడ్డు, డ్రైనేజీ పనులకు ముందు పురావస్తు సర్వే ఎలా చేయాలి?

"సర్వే చేయించాం. ఏమీ లేదని రాసిచ్చారు. పని మొదలైన వారానికే పాత గోడ బయటపడింది. ఇప్పుడేం చేయాలి?" ఈ ప్రశ్న రకరకాల మాటల్లో మళ్లీ మళ్లీ వస్తోంది. సర్వే నివేదిక తెప్పించుకుని చూస్తే చాలాసార్లు కారణం అందులోనే దొరుకుతుంది. కాలువ తవ్వేది రెండున్నర మీటర్ల లోతుకు, సర్వే వాళ్లు చూసింది అర మీటరు. చూడని లోతు గురించి కూడా "లేదు" అని రాసేశారు.

పురావస్తు సర్వేలో అన్నిటికన్నా కష్టమైన మాట "లేదు" అనేదే. కుండపెంకు దొరికితే దాన్ని చూపిస్తే చాలు. ఏమీ లేదని చెప్పాలంటే ఎక్కడ, ఎంత లోతున, ఎలా వెతికారో చూపించాలి. ఈ వ్యాసంలోని పద్ధతి అంతా ఆ మాటను నమ్మకంగా చెప్పడానికే.

సైటు ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు, స్థానిక సంస్థల సిబ్బంది, సర్వే బృందంలో కొత్తగా చేరిన విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మొదటే ఒక హెచ్చరిక. మూడో దశ వరకు ఎవరైనా చేయగలరు. నేలలో గునపం దిగాలంటే మాత్రం మీ ప్రాంత చట్టం ప్రకారం అనుమతి ఉండాలి, అర్హత ఉన్న పురావస్తు నిపుణుడు పక్కన ఉండాలి. చాలా దేశాల్లో అనుమతి లేని తవ్వకం నేరం.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- అలైన్‌మెంట్ డ్రాయింగు (రోడ్డు, కాలువ పోయే గీతను చూపే పటం), దానితో పాటు నిలువు కోత డ్రాయింగు. కాలువ అడుగు ఏ చైనేజీ (పని మొదలయ్యే చోటు నుంచి గీత వెంట కొలిచిన దూరం) దగ్గర ఎంత లోతున ఉంటుందో రెండోది చెబుతుంది. అది లేకుండా సర్వే మొదలుపెట్టకండి.
- ఇప్పటికే చేసిన మట్టి పరీక్షల బోరు నివేదికలు.
- పాత పటాలు, రెవెన్యూ రికార్డులు, విమాన, ఉపగ్రహ చిత్రాలు.
- భూగర్భంలో ఉన్న కరెంటు కేబుళ్లు, గ్యాసు, నీటి పైపుల పటం, కేబుల్ డిటెక్టర్.
- టేపులు, జెండా కర్రలు, తాపీలు, పారలు, 6 మిల్లీమీటర్ల జల్లెడ, చేతి ఆగర్ (చేత్తో తిప్పి లోతు నుంచి మట్టి తీసే బరమా), కెమెరా, కొలబద్ద, ఉత్తర దిక్కు బాణం, సంచులు, చెరగని సిరా కలాలు.
- స్థానాన్ని సెంటీమీటర్లలో చెప్పగల సర్వే పరికరం. ఫోనులోని జీపీఎస్ ఆరుబయట కూడా మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపుతుంది. పెంకులు చెల్లాచెదురుగా పడి ఉన్న చోటు గుర్తించడానికి అది చాలు, గోడ గుర్తించడానికి చాలదు.
- సమయం. అలైన్‌మెంటు, లోతు ఖరారు కాకముందే మొదలుపెట్టాలి. గీత మార్చడానికి వీలున్నప్పుడే సర్వే వల్ల ప్రయోజనం.

1. పని తాకే నేల అంతటికీ హద్దు గీయండి

రోడ్డు వెడల్పు ఒక్కటే హద్దు కాదు. మట్టి తెచ్చే గోతులు, తవ్విన మట్టి పోసే చోటు, తాత్కాలిక దారులు, కార్మికుల శిబిరం, యంత్రాలు నిలిపే స్థలం అన్నీ పటంలోకి రావాలి. దిబ్బలకు అసలు ముప్పు ఎక్కువగా మట్టి తెచ్చే గోతుల వల్లే. ఎత్తుగా, మెత్తగా ఉన్న మట్టి కాంట్రాక్టరుకు సులువుగా దొరికే మట్టి, పాత ఊళ్లు నిలిచి ఉండేదీ అలాంటి చోటే. 1850ల్లో లాహోర్–ముల్తాన్ రైలు మార్గానికి హరప్పా ఇటుకలను ఏరుకుపోయి కంకరగా పరిచారు. పట్టాలు దిబ్బ మీదుగా వేసినందువల్ల జరిగిన నష్టం కాదది, సామగ్రి కోసం వెళ్లడం వల్ల జరిగింది.

ప్రతి వంద మీటర్ల చైనేజీకి ఒక వరుస ఉండేలా పట్టిక వేసుకోండి. పని లోతు, చూసిన లోతు, ఎలా చూశాం, ఏం కనిపించింది అని నాలుగు గడులు చాలు. ఇప్పుడు మొదటి గడి నింపండి. మిగతావి దశల వారీగా నిండుతాయి.

2. కాగితాల మీద వెతకండి

పాత పటాల్లో ఇప్పుడు కనబడని చెరువులు, కోట గోడలు, శ్మశానాలు, ఎండిపోయిన వాగులు చూడండి. వేర్వేరు సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలను పక్కపక్కన పెట్టి పోల్చండి. ఎండ ముదిరిన రోజుల చిత్రాలు బాగా పనికొస్తాయి. కప్పబడిన గోడ మీద పైరు ముందుగా వాడుతుంది, పూడిన కందకం మీద ఎక్కువ కాలం పచ్చగా ఉంటుంది.

బోరు నివేదికల్లో "నింపిన మట్టి", "ఇటుక ముక్కలు", "బూడిద రంగు వదులు మట్టి" అని ఉంటే ఎర్ర గీత పెట్టండి. నేల బలం చూడటానికి తీసిన బోరు పురావస్తు ఆధారాన్ని కూడా చేతికిస్తుంది, కానీ ఆ కాగితం రెండు విభాగాల మధ్య చేతులు మారదు. అడిగి తీసుకోండి.

ఊళ్లో పెద్దవాళ్లను అడగండి, బావులు తవ్వేవాళ్లను తప్పకుండా అడగండి. "ఎక్కడ తవ్వితే పెంకులు వస్తాయి? ఎరువుగా పాటిమన్ను ఎక్కడి నుంచి తోలుతారు?" అంటే చెబుతారు. "ఇక్కడ ప్రాచీన అవశేషాలు ఉన్నాయా?" అంటే లేవనే అంటారు.

3. నడిచి చూడండి

పొలాల్లో అయితే దున్నిన తరువాత, ఒక వాన పడి నేల కడిగినట్టయిన రోజు మంచిది. బృందంలో ఒక్కొక్కరి మధ్య పది మీటర్ల దూరం ఉంచి వరుసలో నడవండి. గడ్డి మోకాలెత్తు ఉంటే ఆ సంగతి పట్టికలో రాయండి. నేల కనబడని చోట "ఏమీ కనబడలేదు" అని రాస్తే అది తప్పుడు సమాచారం.

పెంకు దొరికితే జేబులో వేసుకోకండి. జెండా పాతండి, స్థానం రాయండి, ఆ తరువాతే సంచి. చేతిలోకి తీసుకుని విరిగిన అంచు చూడండి. చేత్తో చేసి తక్కువ వేడిలో కాల్చిన పాత్ర అయితే తరచుగా పైన, లోపల ఎరుపు, మధ్యలో నల్లటి గీత కనిపిస్తుంది. మర మీద చేసిన కొత్త పెంకు మందం అంతటా ఒకేలా, రంగు నిండుగా ఉంటుంది. తరువాత అంచు మీద వేలు రాయండి. అంచులు గుండ్రంగా అరిగి ఉంటే ఆ పెంకు నాగలి దెబ్బలు తిన్నదో, నీటిలో కొట్టుకొచ్చిందో. పదునుగా ఉంటే ఈ మధ్యనే పైకి వచ్చింది, దాని చోటు మీ కాళ్ల కిందే ఉండే అవకాశం ఎక్కువ. సంచి మీద ఈ ఒక్క ముక్క రాసినా తరువాత పరీక్ష గుంట ఎక్కడ పెట్టాలో సగం తేలిపోతుంది.

వాగు గట్లు, పాత కాలువ పక్కలు, బావి గోడలు, రోడ్డు కోసిన అంచులు వదలకండి. ఎవరో ముందే కోసిపెట్టిన మట్టి పొరలవి. తాపీతో పలచగా చెక్కి చూస్తే చాలు.

4. తవ్వకుండా లోపలికి చూసే పరికరాలు

మూడు వాడుకలో ఉన్నాయి. ఏది మంచిదని అడుగుతారు. మీ నేలను బట్టి చెప్పాలి.

అయస్కాంత సర్వే వేగంగా సాగుతుంది. కాలిన మట్టి, కొలుములు, పూడిన కందకాలు బాగా కనిపిస్తాయి. సుమారు ఒక మీటరు లోతు దాటితే నమ్మకం తగ్గుతుంది. ఇనుప కంచె, నిలిపిన లారీ, పైపులైను పక్కన పనికిరాదు. ఊరి మధ్య రోడ్డు మీద దీనికి డబ్బు పెట్టకండి.

విద్యుత్ నిరోధం కొలిచే సర్వే రాతి గోడలకు, పునాదులకు మేలు. నేలలో తేమను బట్టి ఫలితం మారుతుంది. బాగా ఎండినా, బాగా నానినా గోడకూ మట్టికీ తేడా చెరిగిపోతుంది.

భూమిలోకి చూసే రాడార్ తారు, కాంక్రీటు మీద కూడా పనిచేస్తుంది కాబట్టి వీధుల్లో ఇదే దిక్కు. తడిసిన బంకమట్టిలో మాత్రం తరంగాలు పైనే ఆగిపోతాయి. అది చూపే లోతు తరంగం తిరిగొచ్చిన సమయం నుంచి లెక్కగట్టిన అంచనా. ఒక తెలిసిన పైపు మీద నడిపి, చూపిన లోతును అసలు లోతుతో సరిచూసుకున్న తరువాతే మిగతా అంకెలు నమ్మండి.

పరికరం చూపిన మచ్చ పురావస్తువు అయి తీరాలని లేదు. మచ్చ లేని చోటు ఖాళీ అని కూడా అనుకోకండి. రెండూ తవ్వి చూడవలసినవే.

5. పరీక్ష గుంటలు, కందకాలు

చిన్న గుంటలు 30 నుంచి 50 సెంటీమీటర్ల వెడల్పున, 15 నుంచి 30 మీటర్లకు ఒకటి చొప్పున వేయడం అమెరికాలో వాడుక. రోడ్డు పొడవునా ఒకే వరుసలో 30 మీటర్లకు ఒకటి వేస్తే ఇరవై మీటర్ల వెడల్పున్న చిన్న నివాసం రెండు గుంటల మధ్య నుంచి జారిపోవచ్చు. రెండు వరుసలు వేసి, రెండోదాన్ని సగం దూరం జరపండి. ఖర్చు అంతగా పెరగదు, పట్టు చాలా పెరుగుతుంది.

బహిరంగ ప్రదేశంలో యంత్రంతో పొడవాటి కందకాలు మేలు. ఫ్రాన్స్‌లో 2001 చట్టం తరువాత ఇలాంటి ముందస్తు తవ్వకాలు పెద్ద ఎత్తున సాగుతున్నాయి. అక్కడ సాధారణంగా స్థలంలో 5 నుంచి 10 శాతం తెరిచి చూస్తారు. అంటే కనీసం 90 శాతం చూడనట్టే. ఆ మాట నివేదికలో ఉండాలి.

యంత్రం వాడితే పళ్లు లేని బకెట్ పెట్టించండి. పళ్ల బకెట్ అడుగును గీరేస్తుంది, ఆ గీతల్లో పాత గుంట ఆకారం కలిసిపోతుంది. ఒక్కోసారి పది సెంటీమీటర్లకు మించి తీయనివ్వకండి. బకెట్‌ను కనిపెట్టుకుని ఒకరు నిలబడాలి, చేయి ఎత్తగానే యంత్రం ఆగాలి. ఈ సంజ్ఞ పని మొదలవకముందే డ్రైవరుతో మాట్లాడుకోండి.

మట్టిలో ఏం చూడాలి? రాతి గోడ కోసమే వెతికితే మట్టి గోడ మీ కళ్ల ముందే పోతుంది. అడుగును తాపీతో శుభ్రంగా చెక్కండి, కొద్దిగా నీళ్లు చిలకరించి ఆగండి. ఆరేటప్పుడు పూడిన గుంటలోని వదులు మట్టి చుట్టూ ఉన్న గట్టి నేలకన్నా నల్లగా, ఎక్కువసేపు తడిగా ఉంటుంది. కర్ర పాతిన రంధ్రం గుండ్రటి మరకలా తేలుతుంది. అలాంటివి సమాన దూరంలో మూడు కనబడితే ఇంటి ఆనవాలు కావచ్చు. ఉదయం, సాయంత్రం ఏటవాలు వెలుగులో ఇవి స్పష్టం. నడినెత్తి ఎండలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ఇక లోతు. ఇక్కడే ఎక్కువ సర్వేలు దెబ్బతింటున్నాయి.

రోడ్డు వెడల్పుగా, తక్కువ లోతులో పోతుంది. డ్రైనేజీ సన్నగా, చాలా లోతుగా పోతుంది. రెండూ ఒకే ప్రాజెక్టులో ఉంటే రోడ్డుకు సరిపోయే సర్వే చేసి డ్రైనేజీకి కూడా అదే కాగితం జతచేస్తుంటారు. నది పక్క నేలల్లో వరద మట్టి కింద మీటర్ల లోతున పాత నివాసాలు పైకి ఏ గుర్తూ లేకుండా ఉంటాయి. అక్కడ చేతి ఆగర్‌తో కాలువ అడుగు కన్నా లోతుకు దింపి బొగ్గు ముక్కలు, ఇటుక నలుసులు, బూడిద మట్టి కోసం చూడండి. మ్యాన్‌హోల్ రాబోయే చోట్లనే పరీక్ష గుంటలు పెట్టించండి. అక్కడ ఎలాగూ వెడల్పుగా, లోతుగా తవ్వాలి కాబట్టి అదనపు నష్టం ఉండదు, అలైన్‌మెంటు పొడవునా అక్కడక్కడ పూర్తి లోతు చూసినట్టవుతుంది.

కాలువ సన్నగా ఉంది కాబట్టి ప్రమాదం తక్కువ అనుకోకండి. 1978లో మెక్సికో నగరం నడిబొడ్డున కరెంటు పనుల కోసం తవ్వుతున్న కార్మికులకు మూడు మీటర్లకు పైగా వెడల్పున్న కొయోల్‌షౌకి దేవత రాతి చక్రం తగిలింది. అజ్టెక్‌ల ప్రధాన ఆలయం తవ్వకాలకు దారితీసింది అదే.

ప్రాణ రక్షణ గురించి ఒక మాట: ఘనపు మీటరు మట్టి సుమారు ఒకటిన్నర టన్ను తూగుతుంది. మీటరు లోతు దాటిన గుంటలోకి పక్క గోడలకు ఆసరా లేకుండా, లేదా మెట్లుగా కోయకుండా ఎవరినీ దింపకండి. తవ్విన మట్టి అంచున పోయకండి. కేబుల్ డిటెక్టర్ తిప్పకుండా మొదటి పార వేయకండి.

6. నమోదు చేయండి

ప్రతి గుంటకు ఒక సంఖ్య, ప్రతి మట్టి పొరకు ఒక సంఖ్య. కోతను (గుంట పక్క గోడలో కనిపించే పొరలను) 1:10లో, పైనుంచి కనిపించే పటాన్ని 1:20లో గీయండి. ఫొటోలో కొలబద్ద, బాణం, సంఖ్య ఉన్న పలక ఉండాలి. బొగ్గును కాలనిర్ణయానికి పంపాలంటే చేత్తో తాకకుండా తాపీతో తీసి అల్యూమినియం రేకులో చుట్టండి. లోహాన్ని కడగకండి. ఏమీ దొరకని గుంటను కూడా ఇంతే శ్రద్ధగా రాయాలి. "లేదు" అన్న మాటకు సాక్ష్యం అదే.

7. దొరికితే నిర్ణయం ఎలా?

మూడు దారులు ఉన్నాయి, ఈ వరుసలోనే ఆలోచించండి. మొదటిది గీత జరపడం లేదా లోతు తగ్గించడం. రెండోది అక్కడే భద్రంగా కప్పి, పైన మట్టి పోసి రోడ్డును ఎత్తులో తీసుకెళ్లడం. ఇది రోడ్డుకు కుదురుతుంది, కాలువకు కుదరదు. మూడోది పూర్తిగా తవ్వి నమోదు చేసి దారి ఖాళీ చేయడం. అన్నిటికన్నా ఖరీదు ఇదే, పైగా ఒకసారి తవ్విన చోటు మళ్లీ రాదు.

డిజైను ఖరారయ్యాక దొరికితే ఏమవుతుందో గ్రీసులోని థెస్సలోనికి మెట్రో చూపింది. 2006లో పనులు మొదలైతే రైళ్లు నడిచింది 2024లో. ఆలస్యానికి డబ్బు ఇబ్బందులతో సహా చాలా కారణాలున్నాయి. వెనిజెలూ స్టేషను దగ్గర బయటపడిన బైజాంటైన్ కాలపు వీధిని కదల్చాలా, అక్కడే ఉంచాలా అన్న వివాదం ఏళ్ల తరబడి సాగింది. చివరికి విడదీసి, స్టేషను కట్టాక తిరిగి అమర్చారు.

8. పని జరిగేటప్పుడు కాపలా

సర్వే ముగిసినా, అనుమానం మిగిలిన చైనేజీల దగ్గర తవ్వేటప్పుడు పురావస్తు నిపుణుడు ఉండాలి. ఒప్పందంలో ఒక షరతు తప్పకుండా రాయించండి: అవశేషాలు బయటపడి పని ఆగితే ఆగిన రోజులకు కాంట్రాక్టరుకు, యంత్రానికి, కూలీలకు చెల్లింపు ఉంటుంది. ఇది లేని చోట గోడ కనబడగానే రాత్రికి రాత్రి మాయమవుతుంది. కూలీ పోగొట్టుకుని చరిత్రను కాపాడమని ఎవరినీ అడగలేం.

ఏదైనా బయటపడితే యంత్రం ఆపండి, చుట్టూ తాడు కట్టండి, ఉన్నచోటే ఫొటో తీయండి, సంబంధిత శాఖకు కబురు చేయండి. వస్తువును పైకి లాగకండి. ఫొటోలు ఊరంతా పంచకండి, తెల్లారేసరికి గుప్తనిధుల కోసం గోతులు పడతాయి. మనిషి ఎముకలైతే ముందు పోలీసులకు చెప్పాలి, ఎంత పాతవో తేలేదాకా గుడ్డ కప్పి గౌరవంగా ఉంచాలి.

తరచుగా జరిగే తప్పులు

- అక్షాంశం, రేఖాంశం తారుమారు చేయడం. ఒక గుంట స్థానాన్ని పటంలో పెట్టి చూస్తే వెంటనే తెలిసిపోతుంది, కానీ ఆ చూపు ఎవరూ చూడరు.
- పైన ప్లాస్టిక్, కొత్త ఇటుక కనబడగానే "ఇదంతా చెడిపోయిన నేల" అని ఆపేయడం. చెత్త పొర ఎంత మందమో చూడకుండా కింద ఏముందో తెలియదు.
- పాత కాలువ స్థానంలోనే కొత్తది వేస్తున్నామని సర్వే మానేయడం. కొత్తది ఎప్పుడూ కాస్త వెడల్పు, కాస్త లోతు. ఆ కాస్తలోనే కోయని పొరలు ఉంటాయి. పాత పైపు తీసేటప్పుడు పక్క గోడలు చెక్కి చూడండి.
- పాత రోడ్డు కింద ఏమీ మిగలదనుకోవడం. తారు పొర కింది నేలను చాలా చోట్ల కాపాడుతుంది కూడా.

ఫలితం సరైనదేనా? ఇలా తేల్చుకోండి

పట్టిక తీయండి. ప్రతి వరుసలో "చూసిన లోతు" అంకె "పని లోతు"తో సమానంగానో ఎక్కువగానో ఉందా? లేదా మనిషి చేయి పడని సహజ మట్టి తగిలిందని రాసి ఉందా? రెండూ లేని వరుసకు ఎదురుగా "తెలియదు" అని రాయండి, "లేదు" అని రాయకండి. సహజ మట్టి అని రాసిన చోట కూడా ఒకటి రెండు గుంటల్లో ఇంకో అర మీటరు దింపించండి. వరద మట్టి శుభ్రంగా కనిపించి సహజ నేల అని భ్రమ పెడుతుంది.

తీసిన మట్టి కుప్ప నుంచి పది బుట్టలు జల్లెడ పట్టించండి. గుంటలో కంటికి కనబడని పెంకులు జల్లెడలో వస్తే తవ్వినవాళ్లు తొందరపడ్డారని అర్థం. ఆ వరుస మళ్లీ చేయాలి.

పరికరాల పటంలో మచ్చలున్న చోట్లతో పాటు ఖాళీ చోట్ల కూడా గుంటలు వేశారా చూడండి. చివరగా, బృందంలో లేని మనిషికి నివేదిక ఇచ్చి ఏదో ఒక గుంట స్థానానికి వెళ్లమనండి. అతను ఆ చోటికి చేరలేకపోతే నివేదిక సరిదిద్దాలి.

పని ఇప్పటికే మొదలైపోతే?

ఇది కూడా చాలామంది అడుగుతున్నారు. తవ్వని చైనేజీలకు ఇప్పుడే ఒకటో దశ నుంచి మొదలుపెట్టండి. తవ్వేసిన చోట పైపు వేసి పూడ్చకముందే కాలువ పక్క గోడలను ఆసరాలు పెట్టించి, పది మీటర్లకు ఒక చోట మీటరు వెడల్పున తాపీతో చెక్కించి ఫొటోలు తీయించండి. పోసిన మట్టి కుప్పలకు ఏ చైనేజీ నుంచి వచ్చాయో పలకలు పెట్టించండి. ఏ కుప్పలో పెంకులు, బూడిద కనబడితే ఆ చైనేజీ పక్కన ఇంకా తవ్వని నేలలో మొదటి పరీక్ష గుంట వేయాలి.